మీటరు 830 అంటోంది, నాన్న ఎక్కువ కాలిందంటున్నారు

కృష్ణా జిల్లా నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

వీళ్లది తరాలుగా కొలిమి పని చేస్తున్న ఇల్లు. తండ్రి లారీ కమాన్ పట్టీలు తెచ్చి కొడవళ్లు, కత్తిపీటలు, గొడ్డళ్లు చేస్తారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన చేతి కత్తిపీటకి పేరుంది. కొడుకు ఐటీఐ చదివి, హైదరాబాద్‌లో ఒక టూల్ రూమ్‌లో కొన్నేళ్లు పనిచేసి, ఇంటికి తిరిగొచ్చి వంటింటి కత్తుల పని మొదలుపెట్టారు. ఈఎన్ 31 అనే రకం ఉక్కు పట్టీ కొని, కోసి, గ్రైండ్ చేసి, గట్టిపరిచి, కర్ర పిడి వేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. గిరాకీ బాగానే ఉంది. ఆ ధైర్యంతోనే భార్య నగలు తాకట్టు పెట్టి డిజిటల్ మీటరున్న కరెంటు ఫర్నేస్ ఒకటి కొన్నారు.

మొదట్లో కత్తులన్నీ బాగా వచ్చాయట. తరవాత తేడా మొదలైంది. కొన్నిటి అంచు చిట్లిపోతోంది. కొన్నిటి మీద ఆకురాయి జారకుండా పట్టేస్తోంది, అంటే మెత్తగా ఉన్నాయి. సెట్టింగ్ మాత్రం ఎప్పుడూ ఒకటే, 830 డిగ్రీలు. విజయవాడలో ఒక హోటల్‌కి డజను కత్తులిస్తే నాలుగు తిరిగొచ్చాయి, మిగతావి ఇంకా వాళ్ల వంటింట్లోనే ఉన్నాయి. ఫర్నేస్ అమ్మినవాళ్లని అడిగితే మా మీటరు కరెక్టే అన్నారు. ఈయన ఒక గన్ థర్మామీటర్ కొని తలుపు తీసి కత్తి మీద పెడితే 770 చూపించింది. తీగ మొన ఉన్న చేతి మీటరు లోపలికి పెడితే 808 చూపించింది. తండ్రి తలుపు సందులోంచి చూసి "ఎక్కువ కాలిందిరా" అంటున్నారు.

"మూడు మీటర్లు మూడు మాటలు చెబుతున్నాయి. నాన్న నాలుగో మాట చెబుతున్నారు. ఆ డబ్బా మాట వింటావా, నా కన్ను మాట వింటావా అని రోజూ గొడవ. నా భార్య నగల గురించి ఒక్క మాట కూడా అనదు. అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఫర్నేస్ అమ్మేయాలా? ఇంతకంటే మంచిది కొనాలా? నాన్న చెప్పినట్టు కొలిమికే వెళ్లిపోవాలా?" అని అడిగారు. ఉత్తరం చివర మరో రెండు సంగతులు రాశారు. ఎండాకాలంలో మీటరు బాక్స్ బాగా వేడెక్కుతోందని ఊళ్లో ఎలక్ట్రీషియన్ చేత దాన్ని విప్పించి అవతలి గోడకి పెట్టించారట. పొద్దున మొదటి వాయి కత్తులు బాగుంటాయని, మధ్యాహ్నం తరవాతి వాయిలే చెడుతున్నాయని కూడా రాశారు.

మీరు చివర్లో మామూలుగా రాసేసిన ఆ రెండు సంగతుల దగ్గరే నేను ఆగిపోయాను. మీటరు బాక్స్‌ని గోడకి మార్చినప్పుడు, ఫర్నేస్ వెనక నుంచి అక్కడిదాకా ఎలక్ట్రీషియన్ ఏ వైరు లాగాడు? ఇంటి వైరింగ్‌కి వాడే మామూలు రాగి వైరే లాగి ఉంటాడని నా అనుమానం. అదే నిజమైతే మీ మీటరు చెడిపోలేదు, అమ్మినవాళ్లు అబద్ధమాడలేదు, మీ నాన్నగారి కన్నూ తప్పలేదు.

ఎలాగో చెబుతాను. రెండు వేర్వేరు లోహపు తీగల్ని ఒక కొసన కలిపి వేడిచేస్తే చిన్న వోల్టేజీ పుడుతుంది. 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త గమనించిన సంగతి ఇది. మీ ఫర్నేస్‌లో ఉన్న కే టైప్ థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగల జత) అదే సూత్రం మీద పనిచేస్తుంది, డిగ్రీకి సుమారు 40 మైక్రోవోల్టుల చొప్పున. అయితే ఆ వోల్టేజీ లోపలి మొన వేడిని ఒక్కదాన్నే చెప్పదు. లోపలి మొనకీ బయటి కొసకీ మధ్య ఉన్న తేడాని చెబుతుంది. అందుకని మీటరు తన టెర్మినల్ దగ్గర ఎంత వేడి ఉందో లోపలున్న చిన్న సెన్సర్‌తో చూసుకుని, దాన్ని ఆ తేడాకి కలిపి మీకు అంకె చూపిస్తుంది. బయటి కొస మీటరు దగ్గరే ఉన్నంతకాలం ఈ లెక్క సరిపోతుంది. మధ్యలో రాగి వైరు కలిపితే బయటి కొస ఫర్నేస్ వెనకున్న టెర్మినల్ దగ్గరే ఆగిపోతుంది. మీటరు మాత్రం గోడ దగ్గరి వేడిని కలుపుతుంది. ఫర్నేస్ వెనక 70 డిగ్రీలుండి గోడ దగ్గర 38 ఉందనుకోండి, మీటరు దాదాపు 32 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. అది 830 అంటున్నప్పుడు లోపల 860 దాటి ఉంటుంది.

పొద్దున ఫర్నేస్ ఒళ్లు ఇంకా చల్లగా ఉంటుంది, వెనక టెర్మినల్‌కీ గోడకీ పెద్ద తేడా ఉండదు, కత్తులు బాగా వస్తాయి. రెండు మూడు వాయిలు అయ్యేసరికి ఇటుకలు, రేకు, టెర్మినల్ అన్నీ వేడెక్కుతాయి. తప్పు కొద్దికొద్దిగా పెరుగుతుంది. మీటరు మీద అంకె మారదు కాబట్టి మీకు తెలియదు. మీ నాన్నగారికి తెలుస్తుంది, ఎందుకంటే ఆయన చూస్తున్నది అంకెని కాదు, కత్తి రంగుని.

ఇది నా ఊహే. దీన్ని మీరు ఇవాళే తేల్చుకోవచ్చు. మీరు కొన్న గన్ థర్మామీటర్ ఇక్కడ పనికొస్తుంది. మూడో వాయి సమయంలో ఫర్నేస్ వెనక టెర్మినల్ బాక్స్ మీద ఒకసారి, గోడ మీద మీటరు టెర్మినల్ దగ్గర ఒకసారి చూడండి. మెరిసే స్క్రూ మీద కాకుండా ప్లాస్టిక్ మీదో, పెయింట్ ఉన్న చోటో చూడాలి. ఆ రెండిటి తేడా ఎంతో, మీ మీటరు తప్పు దాదాపు అంత. దీనికి మందు కే టైప్ కాంపెన్సేటింగ్ కేబుల్. దాని తీగలు థర్మోకపుల్ తీగల్లాగే పనిచేస్తాయి కాబట్టి బయటి కొస మళ్లీ మీటరు దగ్గరికి వస్తుంది. ఆటోనగర్‌లోగానీ హైదరాబాద్‌లోగానీ ఇండస్ట్రియల్ ఎలక్ట్రికల్ షాపుల్లో మీటరు పొడవు లెక్కన దొరుకుతుంది. మీ ఫర్నేస్ ధరలో అది చాలా చిన్న ఖర్చు.

కేబుల్ వేసేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని కే టైప్ కేబుళ్లలో పసుపు, ఎరుపు తీగలుంటాయి. వాటిలో ఎరుపు మైనస్. ఎరుపంటే ప్లస్ అని అలవాటున్న ఎలక్ట్రీషియన్ రెండు చివర్లా తిరగేసి కలిపాడంటే తప్పు పోకపోగా రెట్టింపవుతుంది. ఆకుపచ్చ, తెలుపు తీగలున్న కేబుల్ అయితే తెలుపు మైనస్. థర్మోకపుల్ వైపు తీగల మీద రంగులుండవు కాబట్టి చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. చల్లగా ఉన్నప్పుడు అయస్కాంతం పట్టుకునే తీగ మైనస్, పట్టుకోనిది ప్లస్.

ఇక మీ మిగతా రెండు మీటర్ల సంగతి. గన్ థర్మామీటర్ వస్తువు వేడిని నేరుగా కొలవదు, దాని మీద నుంచి వచ్చే కిరణాలని బట్టి అంచనా వేస్తుంది. మెరిసే ఉక్కు ఒకలా, పొక్కు పట్టిన ఉక్కు ఇంకోలా కిరణాలు విడుస్తాయి. పైగా మీరు తలుపు తీశారు, తీసిన క్షణం నుంచి పల్చటి కత్తి చల్లబడటం మొదలుపెడుతుంది. ఆ 770ని మర్చిపోండి. చేతి మీటరు చూపించిన 808 కూడా పెద్దగా నమ్మదగ్గది కాదు. ఆ మీటర్లతో పాటు ఇచ్చే సన్నటి తీగకి మీద గాజు దారం తొడుగు ఉంటుంది, అది ఇంత వేడికి నిలబడదు. తొడుగు కాలిపోయి, తీగలు మధ్యలో ఎక్కడో ఒకదానికొకటి తగిలితే, మీటరు ఆ తగిలిన చోటి వేడి చూపిస్తుంది. మీటరు ఉంచుకుని, ఇన్‌కోనెల్ అనే వేడిని తట్టుకునే లోహపు గొట్టంలో వచ్చే ప్రోబ్ (కొలిచే మొన) ఒకటి విడిగా కొనుక్కోండి. మూడు మీటర్లలో రెండిటిని పక్కన పెట్టేశాం కాబట్టి టెన్షన్ కొంత తగ్గాలి.

కేబుల్ మార్చాక కూడా మీటరు ముమ్మాటికీ నిజం చెబుతుందనుకోకండి. కొత్త మామూలు కే టైప్ థర్మోకపుల్‌కే ముప్పావు శాతం తేడా అనుమతిస్తారు, 830 దగ్గర అది ఆరు డిగ్రీలు అటూ ఇటూ. ఎక్కువ వేడిలో వాడేకొద్దీ ఆ తేడా ఇంకా పెరుగుతుంది. పని బాగా నడిచే చోట దాన్ని అరిగిపోయే సామానుగానే చూసి ఎప్పటికప్పుడు మారుస్తారు. కాబట్టి మీకు కావలసింది పరమ సత్యమైన అంకె కాదు. మీ ఫర్నేస్‌లో, మీ ఉక్కుకి, పొద్దునా సాయంత్రమూ ఒకే ఫలితం ఇచ్చే అంకె. మీటరు మీద అది 822 అయినా 838 అయినా ఒకటే.

ఇక్కడ మీ నాన్నగారి పనికీ మీ పనికీ ఉన్న అసలు తేడా చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో గొడవకి మూలం ఇదే అని నాకు అనిపిస్తోంది. లారీ కమాన్ పట్టీలో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. అలాంటి ఉక్కు పది, ఇరవై డిగ్రీలు అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. కొడవలి, గొడ్డలి అంచు కూడా మందం. మీ ఈఎన్ 31 బేరింగులు చేసే ఉక్కు. దాంట్లో కార్బన్ దాదాపు ఒక శాతం, క్రోమియం ఒకటిన్నర శాతానికి దగ్గర. ఆ కార్బన్‌లో కొంత సన్నటి గట్టి గింజలుగా మిగలాలి, కొంత ఉక్కులో కరగాలి. 820 నుంచి 840 మధ్య ఈ పాలు సరిగ్గా ఉంటుంది. 860 దాటితే కార్బన్ మరీ ఎక్కువ కరిగిపోతుంది. అప్పుడు రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. నూనెలో ముంచినప్పుడు ఉక్కులో కొంత భాగం గట్టి రూపంలోకి మారకుండా మెత్తగానే మిగిలిపోతుంది, దాన్ని రిటెయిన్డ్ ఆస్టెనైట్ అంటారు. గట్టిపడిన భాగమేమో ముతకబారి పెళుసవుతుంది. ఆకురాయి పట్టడం, అంచు చిట్లడం రెండూ ఒకే వాయిలో ఎలా వస్తున్నాయని మీరు తల పట్టుకున్నారు. ఒకే కత్తిలో కూడా రావచ్చు.

అంటే మీ నాన్నగారు కన్నుతో ఇన్నాళ్లు నెగ్గుకొచ్చింది కన్ను వల్లా, ఉక్కు వల్లా కూడా. మీరు మీటరుతో దెబ్బతిన్నది మీటరు వల్లా, ఉక్కు వల్లా కూడా. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు ముద్దలు చేసిన కమ్మర్ల దగ్గర ఏ మీటరూ లేదు, వాళ్ల సరుకు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. ఆ కన్నుని తక్కువ చేసేవాళ్లకి ఈ పని తెలియదనే నేను అంటాను. కానీ వాళ్లు తరతరాలుగా తమకి తెలిసిన ముడిసరుకుతోనే పనిచేశారు. మీరు కొత్త ఉక్కు తెచ్చారు. కొత్త ఉక్కు రంగు ఎక్కడ సరిపోతుందో మీ నాన్నగారి కన్ను కూడా కొత్తగా నేర్చుకోవాలి.

దానికి ఒక దారి ఉంది, ఇద్దరూ కలిసి చేయాల్సింది. ఉప్పు కచ్చితంగా 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ల్యాబ్ సామాన్ల షాపులో స్వచ్ఛమైన సోడియం క్లోరైడ్ కొద్దిగా కొనండి, వంటింటి ఉప్పులో వేరేవి కలిసి ఉంటాయి. మూతున్న చిన్న స్టీలు గిన్నెలో చెంచాడు వేసి, మామూలు పొయ్యి మీద బాగా ఎండబెట్టి, ఫర్నేస్‌లో కత్తి పడుకునే చోటే పెట్టండి. మీటరుని 785 దగ్గర నిలకడగా ఉంచి, అక్కడినుంచి ఐదేసి డిగ్రీలు పెంచుతూ, ప్రతిసారీ పావుగంట ఆగి, పట్టకారుతో మూత తీసి చూడండి. తెల్లటి పొడి ఉన్నట్టుండి నీళ్లలా అయిపోతుంది. ఆ క్షణం మీటరు ఎంత చూపిస్తోందో గోడ మీద సుద్దతో రాయండి. 790 చూపిస్తే మీ మీటరు దాదాపు పదకొండు తక్కువ చెబుతోందన్నమాట. ఇదే పరీక్ష సాయంత్రం, ఫర్నేస్ ఒళ్లంతా వేడెక్కాక మళ్లీ చేయండి. రెండు అంకెలూ దగ్గరగా వస్తే కేబుల్ పని ఫలించినట్టే. ఉప్పు ఆవిరి ఫర్నేస్ తీగల్ని తినేస్తుంది కాబట్టి ఈ పని తరచుగా చేయకండి, చేసేటప్పుడు లోపల కత్తులు పెట్టకండి. కరిగిన ఉప్పు దగ్గరికి తడి చెయ్యి, తడి పట్టకారు రానివ్వకండి, పేలినట్టు చిందుతుంది.

అదే రోజు సాయంత్రం, షెడ్డులో లైట్లు తీసేసి, మీ నాన్నగారిని తలుపు సందు దగ్గర కూర్చోబెట్టండి. ఒక ఈఎన్ 31 ముక్క లోపల పెట్టి మెల్లగా వేడెక్కనివ్వండి. ఉక్కు లోపలి అమరిక మారేటప్పుడు వేడిని పీల్చుకుంటుంది. ఆ కాసేపూ ఎర్రటి ముక్క మీద నల్లటి నీడ పాకి, మళ్లీ తేటపడుతుంది. ఆయనకి ఇది కొత్త కాకపోవచ్చు. నీడ పోయిందని ఆయన చెప్పినప్పుడు మీటరు అంకె రాయండి, మరో ముక్కతో మళ్లీ చేయండి. ఆయన ప్రతిసారీ దాదాపు ఒకే అంకె దగ్గర చెబితే మీకు ఇంట్లోనే ఇంకో కొలబద్ద దొరికినట్టు. రేపు థర్మోకపుల్ తప్పు చూపించడం మొదలుపెడితే ముందు పట్టుకునేది ఆయనే. అయస్కాంతం పట్టడం మానేస్తే చాలు, ముంచేయొచ్చు అని కొందరు చెబుతారు. ఇనుము 770 దగ్గరే అయస్కాంతాన్ని వదిలేస్తుంది. మీ ఉక్కుకి అది చాలా తక్కువ.

దీన్ని పందెంలా మాత్రం పెట్టకండి. "నీ కన్ను కరెక్టో మీటరు కరెక్టో చూద్దాం" అంటే ఆయన కూర్చోరు, కూర్చున్నా మనసు కష్టపెట్టుకుంటారు. "నాన్నా, మీటరు తప్పు చెబుతోందని నువ్వు ముందే అన్నావు, ఎంత తప్పో తేలాలంటే నువ్వు కూర్చోవాలి" అనండి. అది నిజం కూడా.

అంకె ఎంచుకోవడం తరవాతి పని. ఒకే పట్టీలోంచి ఐదు చిన్న ముక్కలు కోసి, ఒక్కో ముక్కని మీటరు మీద 800, 815, 830, 845, 860 దగ్గర పది నిమిషాలు ఉంచి నూనెలో ముంచండి. పై పొర 0.3 మిల్లీమీటర్లు రుద్దేయండి, ఎందుకంటే వేడిలో ఉపరితలం కార్బన్ పోగొట్టుకుని మెత్తబడుతుంది, దాని మీద ఆకురాయి పెట్టి చూస్తే మోసపోతాం. ముక్కల్ని రాక్‌వెల్ సీ పరీక్ష (గట్టిదనం కొలిచేది) చేయించండి. హైదరాబాద్ బాలానగర్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో జాబ్ వర్క్ (డబ్బు తీసుకుని బయటివాళ్ల పని) చేసేవాళ్లని అడగండి, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులోనైనా అడిగి చూడండి. తరవాత ఒక్కో ముక్కని గుడ్డలో చుట్టి, కళ్లజోడు పెట్టుకుని, వైస్‌లో బిగించి విరగ్గొట్టండి. విరిగిన చోటు మఖ్మల్ గుడ్డలా బూడిద రంగులో నునుపుగా ఉంటే బాగుంది. పంచదార పలుకుల్లా మెరిస్తే ఎక్కువ కాలింది. గట్టిదనం 64 దాటి, విరుపు నునుపుగా ఉన్న అంకె మీది. ఈ ఐదు ముక్కలూ మీకు ఏ కంపెనీ సర్టిఫికెట్ కంటే ఎక్కువ చెబుతాయి.

తలుపు దగ్గర పెట్టిన కత్తుల సంగతి వేరుగా చూడాలి. ఏ ఫర్నేస్‌లోనైనా తలుపు వైపు చల్లగా ఉంటుంది. చాలా మెత్తగా వచ్చినవి అక్కడ పడుకున్నవేనేమో గుర్తు చేసుకోండి. కొత్త ప్రోబ్‌తో ముందు, మధ్య, వెనక కొలవండి. తేడా 15 డిగ్రీలు దాటితే తలుపు వైపు కొంత దూరం ఖాళీగా వదిలేయండి, వాయికి రెండు కత్తులు తగ్గినా సరే. మీటరు 830 చూపించగానే కత్తులు పెట్టేయకండి, గోడలన్నీ ఆ వేడి పట్టేదాకా అరగంట ఆగండి. వేడెక్కుతున్నప్పుడు తీగలు సెట్ చేసిన వేడికంటే చాలా ఎక్కువగా మండుతుంటాయి. వాటికి ఎదురుగా ఉన్న పల్చటి అంచు మిగతా కత్తికంటే ముందే కాలిపోతుంది. గట్టిపరచడానికి ముందు అంచు మరీ పల్చగా గ్రైండ్ చేస్తున్నారేమో కూడా చూసుకోండి. అర మిల్లీమీటరైనా మందం వదలాలి. ఇంకొకటి, మధ్యాహ్నానికి మీ నూనె కూడా వేడెక్కుతుంది. దాన్ని 50, 60 డిగ్రీల దగ్గరే ఉంచండి. నూనె వల్ల ఎంత, ఫర్నేస్ వల్ల ఎంత అనేది తెలియాలంటే రెండూ ఒకేసారి మార్చకూడదు.

మీరు తలుపు తీసినప్పుడు కరెంటు ఆగే స్విచ్ లేకపోతే ముందు అది పెట్టించండి. ఇనుప పట్టకారు తీగకి తగిలితే ప్రాణం మీదికొస్తుంది.

టెంపరింగ్ (గట్టిపరిచాక పెళుసు తగ్గడానికి తక్కువ వేడిలో మళ్లీ కాచడం) గురించి ఎక్కువ బాధపడకండి. 180, 200 డిగ్రీల ప్రాంతంలో పాతిక డిగ్రీల తేడా వచ్చినా గట్టిదనం ఒకటి, ఒకటిన్నర పాయింట్లే మారుతుంది. వంటింటి ఓటీజీలో చేస్తున్నట్టయితే ఇసుక పోసిన పళ్లెంలో కత్తుల్ని పెట్టండి, పైనున్న కడ్డీల వేడి నేరుగా అంచుకి తగలదు.

ఇప్పుడు మీరడిగిన మూడు ప్రశ్నలు. ఫర్నేస్ అమ్మేస్తే చెడిందన్న పేరుతో అమ్మాలి, సగం ధర కూడా రాదు, నగలూ తిరిగిరావు. ఇంకా మంచిది కొంటే దానికీ థర్మోకపుల్ ఉంటుంది, దానికీ తలుపు ఉంటుంది, ఈ పరీక్షలన్నీ దానికీ చేయాలి, పైగా కొత్త అప్పు. కొలిమికి వెళ్లిపోవడం తప్పేమీ కాదు, కానీ ఈఎన్ 31తో కాదు. కమాన్ పట్టీతో మీ నాన్నగారి పద్ధతిలో వంటకత్తులు చేస్తే అంచు చిట్లదు, పదును మాత్రం తొందరగా పోతుంది. ఇళ్లలో వాడేవాళ్లకి అది చాలు, రోజంతా కోసే హోటల్ వాళ్లకి చాలకపోవచ్చు. రెండు రకాలూ రెండు ధరలకి అమ్మే దారి కూడా ఉంది. అది మీ వ్యాపారానికి సరిపోతుందో లేదో మీకే తెలుస్తుంది.

మీరు అడగనిది ఇంకొకటుంది. ఫర్నేస్ సరిచేసుకునే ఈ నెల రోజులూ కత్తుల్ని హీట్ ట్రీట్‌మెంట్ జాబ్ వర్క్‌కి పంపొచ్చు. వాళ్లు కిలోల లెక్కన తీసుకుంటారు, మీ వంతు వచ్చేదాకా ఆగాలి, కొన్ని వంకరపోయి వస్తాయి. కత్తికి మిగిలేది తగ్గుతుంది. కానీ ఆర్డర్లు ఆగవు, తాకట్టు వడ్డీ కట్టడానికి డబ్బు వస్తుంటుంది. నేనైతే ఇది తీసుకుని, పక్కన కేబుల్, ఉప్పు, ఐదు ముక్కల పని చేసుకుంటాను. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుని పిలిచి ఫర్నేస్ కొలిపించడం ఆ తరవాత ఆలోచించండి. మీరు కత్తి పెట్టె మీద గట్టిదనం అంకె వేసి అమ్మాలనుకుంటే అది అవసరం, లేకపోతే ఇప్పట్లో అక్కర్లేదు. అమ్మినవాళ్లతో వారంటీ గొడవ మాత్రం వద్దు. బాక్స్ మార్పించింది మీరు, వాళ్లు కాదు.

మీ భార్య గురించి మీరు రాసింది రెండు వాక్యాలే, నేను వాటిని చాలాసార్లు చదివాను. ఆవిడ ఏమీ అనకపోవడానికి కారణం మీరూ అడక్కపోవడం కావచ్చు. ఎంత వడ్డీ అవుతోంది, ఎప్పటికి విడిపించగలం, ఈ నెల జాబ్ వర్క్‌కి ఎంత ఖర్చు, ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసి ఆవిడ ముందు పెట్టండి. గెలిచాక చెబుదామని దాచుకోకండి, నగలు ఆవిడవి.

చివరిగా హోటల్. తిరిగొచ్చిన నాలుగు పోగా మిగతా ఎనిమిది కత్తులు అక్కడ రోజూ కూరగాయలూ మాంసమూ కోస్తున్నాయి. అంచు చిట్లిన పెచ్చు ఎవరి పళ్లెంలోకి పోతుందో మనకి తెలియదు. మీ దగ్గర ఏ కత్తి ఏ వాయిలోదో గుర్తు లేదు కాబట్టి, మంచివేవో ఏరి చెప్పలేరు. వాళ్లకి ఫోన్ చేసి, ఫర్నేస్‌లో వేడి తప్పు వచ్చిందని, ఎనిమిదీ పక్కన పెట్టమని చెప్పండి. డబ్బు వాపసు ఇస్తానంటారో, జాబ్ వర్క్‌లో చేయించిన కత్తులు మార్చి ఇస్తానంటారో మీ ఇష్టం. రెండోదైతే కొన్ని వారాలు గడువు అడగాలి, ఆ గడువు వాళ్లు ఇవ్వకపోవచ్చు కూడా. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకి, బాక్స్ మార్చిన తేదీ తరవాత పంపిన ప్రతి ఒక్కరికీ, అంచు చిట్లితే వాడటం ఆపి వెనక్కి పంపమని మెసేజ్ పెట్టండి. తిరిగొచ్చినవాటిని మళ్లీ టెంపర్ చేసి ఇచ్చేయకండి, ముతకబారిన ఉక్కు దానితో బాగుపడదు. పిడి విప్పి, నార్మలైజ్ చేసి (కాచి గాలిలో చల్లార్చి), సరైన వేడి దగ్గర మళ్లీ గట్టిపరిస్తే కొన్ని దక్కుతాయి, ఆ పని కేబుల్ మార్చాక చేయండి. ఇకనుంచి ప్రతి కత్తికీ పిడి కిందికి పోయే భాగం మీద తేదీ, వాయి నంబరు గుద్దండి. ఆ నంబరుకి ఎదురుగా మీటరు ఎంత చూపించిందో, మీ నాన్నగారు ఏమన్నారో నోటుబుక్కులో రాయండి.